కారణం గడిలో రాసిన మాట

ధవళేశ్వరంలో మా పేట వాళ్లు నన్ను సగం డాక్టరు గారంటారు. మిగతా సగం ఏమైందని ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. చెప్పాల్సి వస్తే అది ఇంటర్ బైపీసీలో రెండుసార్లు తప్పింది. ఆ తర్వాత టైపు లోయరు ఒకే దెబ్బకి ప్యాసై, రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి రికార్డుల గదిలో చేరాను. ఇరవై రెండేళ్లయింది. డాక్టర్లు గిలికిన కాగితాలు చూసి డిశ్చార్జి సమ్మరీలు టైపు చేయడం నా పని. మొదట్లో మోటు కంప్యూటరు ఉండేది, ఇప్పుడు పల్చటిది ఇచ్చారు. కుర్చీ మాత్రం అదే. ఇన్నేళ్లలో ఒక్క రోగి చెయ్యి పట్టుకుని చూసినవాణ్ని కాదు. అయినా తెల్ల చొక్కా జేబులో నాలుగు పెన్నులు పెట్టుకుని సాయంత్రం బండి దిగుతుంటే, వీధిలో కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. నాలుగు పెన్నుల్లో రెండు రాయవు.

మా నాన్న మిషన్ బడిలో మాస్టారు. నేను డాక్టర్ని కావాలని అమ్మ రోజూ మోకాళ్లూని ప్రార్థించేది. ఆ ప్రార్థన సగమే ఫలించిందని హెలెన్ అంటుంది. హెలెన్ నా భార్య, ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. తప్పులు దిద్దే పని ఆవిడ బడిలోనే ముగించుకుని రాదు, ఇంటికి కూడా తెస్తుంది.

మా పేటలో ఎవరు ఆసుపత్రి నుంచి వచ్చినా, సొంత గడప తొక్కకముందే ఫైలు పట్టుకుని మా అరుగు ఎక్కుతారు. మందులు ఎప్పుడు వేసుకోవాలని అడగరు. మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలని అడగరు. అందరిదీ ఒకటే ప్రశ్న: ఎందుకొచ్చిందండీ? రోగం వచ్చినందుకు కాదు, కారణం తెలియనందుకు మంచం పట్టేవాళ్లు మా వైపు ఎక్కువ. కారణం తెలిస్తే పథ్యం చెయ్యొచ్చు. పథ్యం మొదలైతే, ఇన్నాళ్లూ వండి పెట్టినవాళ్లని తిట్టొచ్చు. ఇంతటి సదుపాయాన్ని నేను ఊరికి ఉచితంగా అందించేవాణ్ని. ఒకరికి వంకాయ, ఒకరికి గోంగూర, ఇంకొకరికి పక్కలో ఫోను పెట్టుకోవడం. బుల్లియ్య గారి మోకాళ్ల నొప్పులకి బస్సులో కిటికీ పక్క సీటు కారణమని తేల్చాను. ఆ పెద్దాయన ఆనాటి నుంచి నడవ వైపే కూర్చుంటున్నారు. మోకాళ్లు అలాగే ఉన్నాయి. అయినా ఒక్కరూ వెనక్కి వచ్చి నా మాట తప్పన్నది లేదు. దాన్ని నేను నా పాండిత్యం అనుకున్నాను, వాళ్ల మర్యాద అనుకోలేదు.

మేం టైపు చేసే సమ్మరీలో పేరు, వయసు, జబ్బు అయ్యాక ఈటియాలజీ అని ఒక గడి ఉంటుంది. జబ్బుకి కారణం ఏమిటో అందులో రాయాలి. మలేరియా అయితే ఫలానా క్రిమి అని, ఊపిరితిత్తులు పాడైతే సిగరెట్లు అని రాస్తారు. చాలా గడుల్లో మాత్రం ‘ఇడియోపతిక్’ అని ఉండేది. చేరిన కొత్తలో నేను అదేదో బలమైన క్రిమి అనుకున్నాను. ఇంతమందిని పట్టి పీడిస్తున్న దానికి ఇంకా టీకా కనిపెట్టలేదేమిటని శాస్త్రజ్ఞుల మీద కోపం కూడా తెచ్చుకున్నాను. ఆరు నెలలు అలా కోపంగా గడిపాక, పిల్లల డాక్టరు శివరామకృష్ణ గారిని అడిగేశాను.

ఆయన నవ్వలేదు, పాపం. కారణం తెలియదని దాని అర్థమని చెప్పారు. కారణం లేదని కాదు, ఉండే ఉంటుంది, మనకి దొరకలేదంతే అన్నారు. "తెలిసిన కారణాలన్నీ ఒక్కొక్కటీ వెతికి, ఏదీ కాదని తేలాక రాసే మాటయ్యా అది. వెతక్కుండా రాస్తే తప్పు. వెతికాక అక్కడ ఇంకోటి రాస్తే ఇంకా పెద్ద తప్పు" అన్నారు. నేను బుద్ధిగా తలూపాను. చదువుకున్నవాళ్లు తెలియదనడానికి కూడా ఇంత మంచి మాట దాచుకున్నారని ముచ్చటేసింది. ఆ మాట మా అరుగు మీద ఒక్కసారైనా వాడి ఉంటే ఇప్పుడు ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

గోదారి గట్టు దిగువన చేపల వాళ్ల పేట ఉంది. అక్కడి గంగాధర్ నావ మీద వేటకి వెళతాడు. భార్య సూర్యకళది సముద్రపు ఒడ్డు ఊరు. చేపలు చీరి ఉప్పు పట్టించి ఎండబెట్టడంలో ఆ పిల్ల చెయ్యి తిరిగిన మనిషి. వారానికి రెండు రోజులు కడియం వెళ్లి, నర్సరీల్లో పనిచేసే కూలీలకి ఉప్పుచేపలు అమ్ముకొచ్చేది. వాళ్ల కూతురు సాయిదుర్గకి ఐదేళ్లు. కిందటేడు ఒక ఉదయం ఆ పిల్ల కళ్లు తెరవలేనంతగా మొహం ఉబ్బింది. రెండు రోజులకి కాళ్లు, పొట్ట కూడా పొంగాయి. మా ఆసుపత్రిలోనే చేర్చారు. వారం తర్వాత తగ్గి ఇంటికి పంపారు. ఆ సమ్మరీ టైపు చేసింది నేనే.

ఆ సాయంత్రమే గంగాధర్, పిల్లని ఎత్తుకున్న సూర్యకళ, ఆవిడ అత్తగారు అచ్చాయమ్మ మా అరుగు ఎక్కారు. అప్పటికే ఇంకో ఇద్దరు ఫైళ్లతో కూర్చుని ఉన్నారు. నేను పొద్దున్న టైపు చేసిన కాగితాన్నే మొదటిసారి చూస్తున్నట్టు కళ్లజోడు సవరించుకుని చదివాను. నెఫ్రోటిక్ సిండ్రోమ్. మూత్రపిండాల్లోంచి మాంసకృత్తులు కారిపోయి ఒళ్లు నీరు పట్టే జబ్బు. ఈటియాలజీ గడిలో ఇడియోపతిక్. కింద మాత్రలు, వాటి కింద ఉప్పు బాగా తగ్గించాలని.

"ఎందుకొచ్చిందంటారండీ? మా ఇంటా వంటా లేదండి ఇలాంటిది" అంది అచ్చాయమ్మ.

తెలియదు అనే మాట నోటి చివరిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది. కానీ ఎదురుగా ఐదుగురు నా మొహంలోకి చూస్తున్నారు. ఇరవై రెండేళ్ల సగం డాక్టరుతనం జేబులో నాలుగు పెన్నులై బరువుగా ఉంది. పథ్యం విషయంలో మా వైపు ఒక నమ్మకం ఉంది. ఏది మానమన్నారో అదే రోగం తెచ్చిందని లెక్క. కామెర్లకి నూనె మానమంటే నూనె వల్లే కామెర్లొచ్చాయంటారు. ఆ లెక్క నాకు ఆ క్షణాన దేవుడు పంపిన సాయంలా తోచింది.

"ఉప్పు మానమన్నారు కదండీ" అన్నాను నెమ్మదిగా, పెద్ద డాక్టర్లు మాట్లాడేటట్టు. "అంటే ఉప్పే కదా తెచ్చింది. పిల్లకి ఉప్పుచేపలు ఎవరు పెడుతున్నారు?"

అందరూ సూర్యకళ వైపు తిరిగారు. ఆ పిల్ల నిద్రపోతున్న కూతుర్ని ఇంకో భుజం మీదకి మార్చుకుంది.

"నేనేనండి" అంది.

వాళ్లు లేచి నాకు దణ్ణం పెట్టి వెళ్లారు. మర్నాడు గంగాధర్ ఒక కొర్రమీను తెచ్చిచ్చాడు. హెలెన్ పులుసు పెట్టింది. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో హెలెన్ ద్వారానే తెలుస్తూ వచ్చింది. చేతులకి ఉప్పంటి ఉంటుందని సూర్యకళని పిల్ల కంచం ముట్టుకోనివ్వడం లేదట. వండటం, తినిపించడం అంతా అచ్చాయమ్మే. ఎండుచేపల పని మానితే ఇల్లు గడవదు కాబట్టి ఆ పని మాత్రం మానొద్దన్నారు. చేపలు ఎండబెట్టే చాపల్ని గట్టు అవతలికి మార్పించారు. పిల్ల అన్నం తినే వేళకి సూర్యకళ అక్కడికి వెళ్లి కూర్చునేదట. ఇంకొన్నాళ్లకి, సూర్యకళ తనూ ఉప్పు మానేసిందని హెలెన్ చెప్పింది. ఎవరూ మానమనలేదు. నా బిడ్డకి లేని ఉప్పు నాకెందుకని చప్పటి అన్నమే తింటోందట, ఎండలో రోజంతా నిలబడే మనిషి.

"చూశావా, నా మాటంటే వాళ్లకి ఎంత గురో" అన్నాను నేను.

హెలెన్ ఏమీ అనలేదు. పాతికేళ్ల కాపురంలో ఆవిడ ఏమీ అనకపోవడం నేను నాలుగుసార్లే చూశాను. నాలుగుసార్లూ నాదే తప్పని తర్వాత తేలింది. ఇది ఐదోసారి అవుతుందని నాకు తట్టలేదు.

పదకొండు నెలలు గడిచాయి. ఆ ఇంట్లోకి ఉప్పుచేప ముక్క రాలేదు. అచ్చాయమ్మ పెద్దాపురం మరిడమ్మకి మొక్కుకుని, జాతరకి వెళ్లి మొక్కు తీర్చుకుని కూడా వచ్చింది. ఆ తర్వాత ముసురు పట్టిన రోజుల్లో సాయిదుర్గకి జలుబు చేసింది. అది తగ్గిన వారానికి మళ్లీ మొహం పొంగింది. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ సమ్మరీ నా బల్ల మీదకి. జలుబు తర్వాత తిరగబెట్టిందని శివరామకృష్ణ గారు రాశారు. ఈటియాలజీ గడిలో మళ్లీ అదే మాట.

నా వేళ్లు ఆ గడి దగ్గర ఆగిపోయాయి. లేచి ఆయన గదికి వెళ్లి, ఈ పిల్లకి ఉప్పు వల్ల వచ్చిందేమోనండీ అన్నాను. ఆయన తల ఎత్తి చూశారు.

"ఉప్పు తగ్గించమన్నది వాపు తీయడానికయ్యా. కాలు విరిగినవాణ్ని నడవొద్దంటాం. నడిచినందుకా విరిగింది?"

ఇది జలుబు చేసినప్పుడల్లా తిరగబెట్టొచ్చని, మందులకి లొంగుతుందని, పెద్దదవుతుంటే చాలామంది పిల్లల్లో తగ్గిపోతుందని చెప్పారు. ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగారు. పేటలో ఎవరో తెలివితక్కువవాడు అన్నాడని చెప్పాను. ఆ మాట మాత్రం అబద్ధం కాదు.

ఇంటికొచ్చేసరికి గంగాధర్ మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఇంట్లో ఉప్పు లేకుండా చూసుకుంటున్నా రోగం తిరగబెట్టిందంటే, దొంగచాటుగా తల్లే పెట్టి ఉంటుందని అచ్చాయమ్మ తేల్చేసిందట. సూర్యకళ ఎంత ఒట్టు పెట్టినా నమ్మలేదట. పిల్లని ఇక్కడ ఉంచుకుని ఆవిణ్ని పుట్టింటికి పంపించేద్దామని, ఆదివారం మధ్యాహ్నం పెద్దల్లో పెట్టారట.

"మీరొచ్చి ఆ ఉప్పు సంగతి నలుగుర్లో ఒక్కసారి చెప్పండి, చాలండి" అన్నాడు. మాట అంటున్నాడే కానీ కళ్లు నేల మీదే ఉన్నాయి. వాడికి భార్యని పంపడం ఇష్టం లేదు. కానీ సగం డాక్టరు గారి మాట ఎలా తీసెయ్యగలడు?

మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. పశ్చాత్తాపంతో అనుకోకండి, తప్పించుకునే దారి దొరక్క. ఎవరికీ తగలని కారణం ఒకటి కనిపెట్టి ఉప్పు స్థానంలో కూర్చోబెడదామని చూశాను. గోదారి నీళ్లందామా? గాలందామా? పుట్టినప్పుడే ఉందందామా? అంటే మళ్లీ తల్లి మీదకే వస్తుంది. అసలు ఆ ఆదివారం బంధువుల ఇంటికి ఆత్రేయపురం వెళ్లిపోతే, పూతరేకులు కూడా తెచ్చుకోవచ్చు కదా అని కూడా ఆలోచించాను. నా తీరు చూసి హెలెన్‌కి అర్థమైపోయింది.

"ఇంకో కారణం వెతుకుతున్నారా?" అంది. "ఆ కాగితంలో ఉన్నది చదవడానికి మీకు నొప్పేంటి?"

ఆదివారం పొద్దున్న చర్చిలో పాపాల ఒప్పుకోలు వచ్చింది. మా లూథరన్ చర్చిలో ప్రతి వారం అందరం కలిసి గట్టిగా చెప్పుకుంటాం. మాటలతో పాపం చేశామని కూడా అందులో ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా మంచి గొంతుతో చెప్పుకొస్తున్నాను. అందరితో కలిసి ఒప్పుకోవడంలో గొప్ప సుఖముంది, ఏ మాట అని ఎవరూ అడగరు. ఆ రోజు మాత్రం ఆ మాట దాటేశాను. పక్కన హెలెన్ ఒక్కర్తే చెప్పింది.

మధ్యాహ్నం వలలు కుట్టుకునే షెడ్డులో ముప్ఫై మంది దాకా చేరారు. పేట పెద్ద వీరాస్వామి గారు నాకు కుర్చీ వేయించారు. సూర్యకళ ఒక మూల గుంజకి ఆనుకుని నిలబడింది. సంవత్సరం కిందట చూసిన మనిషి కాదు, సగం చిక్కిపోయింది. పిల్ల అచ్చాయమ్మ ఒళ్లో ఉంది.

నేను లేచాను. అలవాటు ఎక్కడికి పోతుంది, ముందు జేబు సవరించుకున్నాను. "ఈటియాలజీ ప్రకారం ఇది ఇడియోపతిక్ అని డాక్టర్లు..." అని మొదలెట్టాను.

"తెలుగులో చెప్పండయ్యా" అన్నారు వీరాస్వామి గారు.

"ఎందుకొచ్చిందో తెలియదని అర్థమండి."

"ఎవరికి తెలియదండి?"

"డాక్టర్లకండి. అన్నీ వెతికి చూశాక తెలియదనే రాశారు. కిందటేడు కాగితంలోనూ అదే ఉందండి."

ఆయన వెటకారం లేకుండా, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు: "మరి మీకెలా తెలిసిందండి?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు నాకు తగిందే. మళ్లీ జేబు తడుముకున్నాను. పెన్నులు ఆదుకోలేదు.

"నాకూ తెలియదండి" అన్నాను. "ఆరోజు తెలియదని చెప్పడానికి నామోషీ అనిపించి ఉప్పు మీద పెట్టేశాను. ఉప్పు తగ్గించమన్నది వాపు తగ్గడానికండి. ఉప్పు వల్ల ఈ జబ్బు రాలేదు. మొన్న తిరగబెట్టింది జలుబు చెయ్యడం వల్లండి. సూర్యకళ పెట్టినందువల్ల వచ్చింది కాదు, పెట్టనందువల్ల తగ్గిందీ కాదు." డాక్టరు గారి విరిగిన కాలు మాట కూడా చెప్పాను. నాదని చెప్పుకోకుండా ఆయన పేరుతోనే చెప్పాను. నా జీవితంలో అదొక మొదలు.

అచ్చాయమ్మ నావైపు తిరిగింది. "అయితే నా కోడలి తప్పేం లేదంటారా?" అంది.

"లేదండి. నాదండి."

వెనక వరసలోంచి బుల్లియ్య గారు మెల్లగా లేచారు. "మరి నా మోకాళ్ల సంగతేంటండీ?" అన్నారు. అదీ తెలియదన్నాను. నాలుగేళ్లుగా కిటికీ గాలి లేకుండా చెమటోడుస్తూ ప్రయాణం చేస్తున్నానని చెప్పి ఆయన కూర్చున్నారు. అప్పుడు మాత్రం అందరూ బాహాటంగానే నవ్వారు. పంపించడాలూ అవీ ఏమీ వద్దని వీరాస్వామి గారు తేల్చేశారు. అచ్చాయమ్మ లేచి, పిల్లని తీసుకెళ్లి కోడలి చేతుల్లో పెట్టింది. గంగాధర్ మొహం తుడుచుకున్నాడు.

మర్నాడు సాయంత్రం మా అరుగు మీద ఫైళ్లు లేవు. సూర్యకళ ఒక్కర్తే వచ్చింది. చేతిలో తెల్ల కాగితం ఉంది. హెలెన్ గ్లాసుతో మజ్జిగ తెచ్చిచ్చి, ఉప్పేశానమ్మా అంది. సూర్యకళ గ్లాసు అందుకుని, తాగకుండా పక్కన పెట్టుకుంది.

"కారణం తెలియదని తెలుగులో రాసి సంతకం పెట్టివ్వండి" అంది. "మళ్లీ జలుబు చేస్తే మళ్లీ పొంగొచ్చన్నారు కదండీ. పొంగితే మళ్లీ నావైపే చూస్తారు. అప్పుడు చూపించడానికి."

లక్ష కాగితాలు టైపు చేసినవాణ్ని, ఒక్కదాని మీదా నా సంతకం లేదు. రాసే రెండు పెన్నుల్లో మంచిది తీసి రాశాను. సాయిదుర్గకి వచ్చిన జబ్బుకి కారణం ఎవరికీ తెలియదు, తల్లి పెట్టిన తిండి వల్ల వచ్చింది కాదు. కింద ఆరోన్ అని పెట్టి తేదీ వేశాను. సూర్యకళ ఏడో తరగతి దాకా చదివింది, వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదువుకుంది.

"మరి ఆరోజు అలా ఎందుకు చెప్పారండీ?"

ఇన్నేళ్లలో ఈ అరుగు మీద నన్నడిగిన ఎందుకుల్లో, నాకు నిజంగా కారణం తెలిసింది ఇదొక్కటే.

"గొప్ప కోసమమ్మా" అన్నాను. "తెలియదంటే నలుగుర్లో చిన్నబోతానని."

ఆ పిల్ల కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది. "పదకొండు నెలలండి, నా పిల్ల నా చేత్తో ముద్ద తిని" అంది. కాగితం మళ్లీ నా ముందుకి జరిపింది.

"అదీ రాయండి కింద."

రాశాను. ఆరోజు ఉప్పని చెప్పింది నేనే, గొప్ప కోసం చెప్పాను అని. మళ్లీ సంతకం పెట్టాను. ఆ ముక్క కూడా వేలు పెట్టి చదువుకుని, మడిచి రవికలో పెట్టుకుంది. అప్పుడు గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగింది.

ఉప్పు సరిపోయిందా అని హెలెన్ అడిగింది.

"ఇంకొంచెం వెయ్యండి" అంది సూర్యకళ.